పాత ట్రంబోను కొనేముందు సంఘం ఏం చూడాలి
(మహాసభలో నగరం గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఇక్కడ గేదెల అప్పు గురించి, కుట్టు మిషన్ల గురించి, పీచు పని గురించి చెప్పుకుంటున్నాము. ఈ ఏడు మేము బ్యాండు వాయిద్యం గురించి చెప్పడానికి వచ్చాము. నవ్వకండి. మన కోనసీమలో పెళ్ళికీ, తీర్థానికీ, ఊరేగింపుకీ బ్యాండు మేళం ఉండాల్సిందే. ఆ మేళంలో వాయించేవాళ్ళ ఇళ్ళల్లోని ఆడవాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళు వాయిద్యం కోసం అప్పు అడుగుతారు. అప్పుడు మనం ఏం చూడాలో మాకు తెలియక ఒకసారి దెబ్బ తిన్నాము.

రెండేళ్ళ కిందట మా సభ్యురాలు ఒకామె సంఘం అంతర్గత నిధి నుండి ఎనిమిది వేలు అడిగింది. భర్త మేళంలో ట్రంబోను ఊదుతాడు. వాయిద్యం అద్దెకు తెచ్చుకుంటే వచ్చిన కూలిలో కొంత అద్దెకే పోయేది. సొంతది ఉంటే ఆ డబ్బు మిగులుతుందని తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇచ్చేశాము. సరుకు ఎవ్వరం చూడలేదు. మగవాళ్ళ వాయిద్యం, మనకేం తెలుస్తుందిలే అనుకున్నాము.

ఆయన తెచ్చింది అద్దంలా మెరిసిపోతోంది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక మూడో పెళ్ళిలో ఒక మీట నొక్కితే లేవలేదు. బాగు చేయిస్తే నాలుగు రోజులు ఆడి మళ్ళీ ఆగింది. చివరికి గోడకి తగిలించారు. ఆమె మాత్రం పీచు పనికి పోయి వాయిదాలన్నీ కట్టింది. మా పుస్తకంలో అప్పు నూటికి నూరు వసూలు అని ఉంది. అది చూసి మాకు సిగ్గేసింది. ఆ డబ్బు వాయిద్యం సంపాదించింది కాదు, ఆమె నడుం విరగ్గొట్టుకుని సంపాదించింది.

ఈ ఏడు ఆమె మళ్ళీ అడిగింది. కొందరు వద్దన్నారు. చివరికి ముందు సరుకు చూద్దాం, తర్వాతే డబ్బు అని నిర్ణయించాము. మేము ముగ్గురం, ఆమె, ఆమె భర్త, మేళంలో పెద్దాయన ఒకరు కలిసి బయలుదేరాము. పెద్దాయన ఓపిగ్గా నేర్పిన సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాము.

ట్రంబోను రెండు రకాలు. ఒకదానికి గొట్టం ముందుకి వెనక్కి జరుగుతుంది. పెళ్ళి ఊరేగింపులో ఇరుకు సందులో అది ముందువాడి వీపుకి తగులుతుంది. రెండోదానికి జరిగే గొట్టం బదులు మూడు మీటలుంటాయి. వాటినే వాల్వులంటారు. మేళాల్లో నడుస్తూ ఊదడానికి ఇదే వీలు. ఇలాంటి వాల్వుకి 1818లో జర్మనీలో పేటెంటు తీసుకున్నారట. మన దేశంలో బ్యాండు వాయిద్యాలకి పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడ నాదిర్ అలీ కంపెనీ 1885 నుండి ఉంది.

మీట నొక్కితే గాలి ఇంకొంచెం గొట్టం చుట్టి వెళ్తుంది, స్వరం దిగుతుంది. రెండో మీట అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దించుతాయి. అంటే ప్రాణమంతా ఆ వాల్వుల్లోనే ఉంది. గాలి కారకూడదు, మీట ఆగకూడదు.

ఇక చూడాల్సినవి వరసగా చెబుతాము.

ఒకటి. పగలు, ఎండ వెలుతుర్లో చూడండి. మెరుపు చూసి మోసపోవద్దు. ఇత్తడి గురించి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, బిందెలు తోమిన చేతులు మనవి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. జింకు పోయినచోట ఎర్రగా, గులాబీ రంగు మచ్చ పడుతుంది. పైపైన తోమితే పోయే ఎరుపు వేరు. మధ్యలో నల్ల చుక్క ఉండి, చుట్టూ ఎర్రగా ఉంటే లోపల నుండి తినేస్తోందని అర్థం. ముఖ్యంగా నోరు పెట్టి ఊదే వైపు గొట్టంలో చూడండి, తడి ఎక్కువ చేరేది అక్కడే.

రెండు. సొట్టలు. బూర మూతి దగ్గర చిన్న సొట్టతో పెద్ద నష్టం లేదు, బేరానికి పనికొస్తుంది. వాల్వు గూడు మీద సొట్ట ఉంటే మాత్రం వద్దు. లోపల పిస్టన్ ఒరుసుకుంటుంది. గొట్టాల అతుకుల దగ్గర మాటు ఊడిందేమో కదిపి చూడండి.

మూడు. ఒక్కో మీట నొక్కి వదలండి. టక్కున లేవాలి, గరగర అనకూడదు. పై మూత విప్పి పిస్టన్ బయటికి తీయించండి. దానిమీద నిలువు గీతలున్నా, పైపూత పోయి ఇత్తడి బయటపడినా అది అరిగిన సరుకు. పిస్టన్ల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. ఏ గూటిది ఆ గూట్లోనే పెట్టాలి, మారితే ఊపిరి ముందుకు పోదు.

నాలుగు. గాలి పరీక్ష. మీట నొక్కకుండా ఆ వాల్వు గొట్టాన్ని రెండంగుళాలు బయటికి లాగి, రెండు మూడు క్షణాలు ఆగి, అప్పుడు మీట నొక్కండి. టప్ మని శబ్దం రావాలి. రాకపోతే గాలి కారుతోంది. కొందరు చిక్కటి నూనె పోసి ఆ కారడం దాచేస్తారు. అందుకని తుడిపించి, మామూలు వాల్వు నూనె వేయించి మళ్ళీ చూడండి. మేము మొదట చూసినదాంట్లో తుడవకముందు శబ్దం వచ్చింది, తుడిచాక రాలేదు.

అయిదు. అన్ని గొట్టాలూ కదలాలి. చిలుము పట్టి బిగుసుకుంటే బలవంతంగా లాగవద్దు, విరుగుతుంది. మౌత్‌పీసు ఊగకూడదు, ఇరుక్కుపోకూడదు. ఉమ్మినీరు దించే చిన్న మూతకి బెండు, స్ప్రింగు సరిగా ఉన్నాయో చూడాలి. బెండు, స్ప్రింగు, ఫెల్టు ముక్కలు తక్కువ ఖర్చుతో పోతాయి. అరిగిన పిస్టన్ అలా కాదు, మేము అడిగిన చోట్ల చెయ్యలేమన్నారు.

ఆరు. ఊదేవాళ్ళు అరగంట ఊదాలి. కింది స్వరాలు నిలిపి, తర్వాత అన్ని మీటలతో, పక్కన క్లారినెట్టు పెట్టుకుని శ్రుతి చూడాలి. మొదటి, మూడో మీటలు కలిపి నొక్కినప్పుడు స్వరం కొంచెం ఎక్కువగా రావడం ఏ వాయిద్యానికైనా ఉన్నదేనట, దాన్ని లోపమనుకోవద్దు.

మొదటిదానికి తొమ్మిది వేలు చెప్పారు. వద్దనుకుని లేచి వచ్చేశాము. ఖాళీ చేతులతో వస్తే ఆమె ముఖం చిన్నబోయింది. పది రోజుల తర్వాత చించినాడ వంతెన దాటి వెళ్ళి ఇంకొకటి చూశాము. మెరుపు లేదు, మూతి దగ్గర సొట్ట ఉంది. కానీ మూడు గొట్టాలూ టప్ మన్నాయి. ఆరున్నర వేలకి ఇచ్చారు. ఆషాఢం కావడంతో పెళ్ళిళ్ళు లేవు, బేరం కుదిరింది, శ్రావణానికి ముందు వాయించి చూసుకునే వీలూ దొరికింది.

కొన్నాక కూడా జాగ్రత్త ఉంది. మన ఇళ్ళల్లో ఉందికదా అని వాల్వుల్లో కొబ్బరినూనె వెయ్యకండి. చలికాలం పొద్దున్నే సీసాలో అది ఎలా గడ్డకడుతుందో మనకి తెలుసు, వాల్వులోనూ అంతే. లోపల చింతపండు పెట్టి తోమొద్దు. ఊదాక నీరు దించి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి. మనది సముద్రపు గాలి, చిలుము తొందరగా పడుతుంది.

మా సంఘం మినిట్స్ పుస్తకంలో మూడు మాటలు రాసుకున్నాము. వస్తువుకి అప్పు ఇస్తే ముగ్గురు సభ్యులు, ఆ పని తెలిసిన ఒకరు వెళ్ళి చూడాలి. కొత్తదాని ధర ముందే కనుక్కుని, పాతదానికి అందులో సగం దాటకూడదు. మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లో వాయిదా ఎలా కడతారో ముందే మాట్లాడుకోవాలి.

ఇంకొక మనవి. అప్పు తీరిందా అని మాత్రమే కాదు, ఆ అప్పుతో కొన్న వస్తువు పని చేస్తోందా అని కూడా ఏడాదికోసారి అడుగుదాం. పుస్తకంలో ఆ గడి కూడా ఉండాలని సమాఖ్యని కోరుతున్నాము.

శ్రావణంలో మొదటి పెళ్ళి ఊరేగింపు మా వీధిలోంచే వెళ్ళింది. మేమందరం అరుగుల మీదికి వచ్చి నిలబడ్డాము. ఆమె కూడా పీచు పని నుండి వచ్చి మా పక్కన నిలబడింది. మీటలు ఆగలేదు.