మాటా మందే



మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో 1915లో వైద్యం మొదలైంది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ మందు కనుగొన్నది 1943లో. అంతవరకు అక్కడ విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి, ధైర్యం చెప్పే మాట ముఖ్యమైన ఆధారాలు. 'క్షయ రోగి' అని జనం దూరం పెట్టిన మనిషికి, క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన ఆ చోటి పేరే ఒక ఊరట.

దేవుణ్ని స్తుతించే నోటితోనే మనిషిని శపించడం తగదని బైబిల్లో యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. గుడికెళ్లినా చర్చికెళ్లినా మనందరికీ వర్తించే మాట అది. ఇంజనీరుగా వంతెనలో పగులును కొలవగలను. 'నీకు చదువు రాదు' అన్న మాట పిల్లవాడి మనసులో పెట్టే పగులును ఏ పరికరమూ కొలవలేదు.

ఈ స్వర్ణోత్సవం నుంచి మన బడి పిల్లలతో 'నీకొస్తుంది, మళ్లీ చెయ్యి నాయనా' అందాం.