ఆత్మరక్షణము — విద్యుద్ఘాత సాధనము
(భావనపాడు వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



మన స్త్రీల రక్షణార్థము సంఘనిధినుండి స్టన్ గన్నులను కొని పంచిపెట్టవలెనను సూచన యొకటి సభ ముందున్నది. ఆ సూచన చేసినవారి యుద్దేశము మిక్కిలి శ్లాఘనీయము. అయినను ధనము వెచ్చించుటకు పూర్వము ఆ సాధనముయొక్క గుణదోషములను విచారించుట మన విధి.

భయమునకు కారణము లేదని నేననను. ఈ తీరమునుండి పురుషులు గుజరాతు దేశమందలి వేరావలు రేవునకు బోయి, నెలల తరబడి పరుల పడవలపై కూలికి వేటాడుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరివరకు చెరనుండిరి. అట్టి కాలమున ఇల్లు నడుపువారు స్త్రీలే. తెల్లవారక మునుపే గంప నెత్తినిడుకొని, ఆటో దొరకు కూడలివరకు చీకటిలో ఒంటరిగా నడచు అప్పచెల్లెండ్ర మనస్సున దిగులుండుట సహజము.

ఇక సాధనముమాట. దీని గుణము మనకు క్రొత్తది కాదు. వలలో తిమిరి పడినపుడు తెలియక చేయిపెట్టిన వాని మోచేతివరకు ఝల్లుమనును. ఆ చేప తన శరీరమునందే విద్యుత్తును పుట్టించుకొనును. 1803లో ప్రకటింపబడిన పేట్రిక్ రస్సెలు దొరవారి విశాఖపట్టణ మత్స్యగ్రంథమునందు ఇది మన తెలుగు పేరుతోనే చేరియున్నది. తిమిరి చేయు పనినే స్టన్ గన్ను బ్యాటరీ బలమున చేయుచున్నది. అయితే తిమిరిని ముట్టినవాడు చేయి వెనుకకు తీసికొనునేకాని మూర్ఛపోడు. చేతితో ఒత్తిపట్టవలసిన చిన్న స్టన్ గన్ను సంగతియు ఇంచుమించుగా నిట్టిదే. అది నొప్పి పుట్టించును. కాని మదించిన వానిని, త్రాగినవానిని పడవేయునను నమ్మకము లేదు. దళసరి బట్టపై దాని బలము తగ్గును. అంతకంటె ముఖ్యమైనది, దుర్మార్గుని చేతికందునంత దగ్గరనుండి గాని దానిని వాడుటకు వీలులేదు. వాడు దానిని లాగుకొన్నచో ఆయుధము వానిదగును.

పెట్టెలపై "50 లక్షల వోల్టులు" అని ముద్రించి యమ్ముచుందురు. గాలిలో ఒక సెంటీమీటరు దూరము మెరుపు దుముకుటకు సుమారు 30,000 వోల్టులు కావలెను. ఆ ముద్రించిన మాట సత్యమైనచో మెరుపు మనిషి నిలువెత్తు దుముకవలెను! మూడు సెంటీమీటర్ల యెడముగల రెండు మొనల నడుమ మెరయుదానికి లక్ష వోల్టులైనను అక్కరలేదు. శరీరమునకు కలుగు బాధకు కారణము వోల్టుల సంఖ్య గాక, లోపల ప్రవహించు కరెంటు, అది ప్రవహించు కాలము.

అట్లని యిది ఆటవస్తువనుకొనరాదు. దూరమునుండి రెండు ముండ్లను విసరి కండరములను బిగబట్టించు టేజరును 1970వ దశకమున అమెరికాయందు జాక్ కవరు అను శాస్త్రజ్ఞుడు నిర్మించెను. 2007 అక్టోబరులో కెనడాలోని వాంకూవరు విమానాశ్రయమున, శిక్షణ పొందిన పోలీసులే దానిని ప్రయోగింపగా రాబర్టు జెకాన్‌స్కీ యను ప్రయాణికుడు మరణించెను. గుండెజబ్బువారికి, గర్భిణులకు ఇట్టి యాఘాతము ప్రమాదకరము. పడవ యంచున నిలిచినవానికి తగిలినచో నీటబడి మునుగుట సంభవించును. పెట్రోలు ఆవిరియున్నచోట ఆ మెరుపొక అగ్గిపుల్లతో సమానము. మన యిండ్లలో ఇంజనునూనె, పెట్రోలు డబ్బాలు ఎచ్చటనుండునో మీరెరుగుదురు. కొన్ని టార్చిలైటు ఆకారముననే యుండుటచే పిల్లలు మీటనొక్కుట తథ్యము. ఉప్పుగాలి యినుమునే తినుచుండగా సన్నని తీగెల నుపేక్షించునా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస యొద్ద తీరము దాటిన పిమ్మట మన పల్లెలలో రోజులతరబడి కరెంటులేదు. ఛార్జిలేని స్టన్ గన్ను చేతిలో రాయిపాటి యైనను కాదు.

చట్టమునుగూడ తలపవలెను. 1959 నాటి ఆయుధచట్టమున ఆయుధమను మాటకు అర్థము విశాలము. దాడికిగాని రక్షణకుగాని ఆయుధముగా చేయబడిన వస్తువులన్నియు దానియందిముడును. కావున అంగడిలో దొరకినంతమాత్రమున నిర్భయముగా ధరింపవచ్చునని యెంచరాదు. పోలీసు ఠాణాలో వ్రాతమూలమున విచారించిన పిదపనే కొనవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34వ సెక్షను మొదలు 44వ సెక్షను వరకు ఆత్మరక్షణహక్కును మనకిచ్చినది. కాని అవసరమునకు మించిన హానిచేయు హక్కు నీయలేదు. విమానములలో లిథియం బ్యాటరీగల ఇట్టి యాయుధమును చేతిసంచిలోగాని పెట్టెలోగాని తీసికొనిపోరాదు. బ్రిటను దేశమున 1968 చట్టముచే ఇది నిషిద్ధాయుధము. విదేశములకు కూలికి బోవు మన యువకులు ఈ సంగతి నెరుగక సంచిలో వేసికొన్నచో జీవనోపాధియే పోవును.

కావున నా విన్నప మిది. ఆ ధనమును మూడు కార్యములకు వినియోగింతము. మొదటిది, తీరమునుండి కూడలివరకు దీపస్తంభములు. రెండవది, తెల్లవారుజామున స్త్రీలు జట్టుగా బయలుదేరునట్లు వీధికొక పెద్దమ్మను నియమించి, గంపలకు ఒక ఆటోను కుదుర్చుట. మూడవది, 112 సంఖ్యకు ఫోను చేయుట, పట్టుకొన్న చేతిని విడిపించుకొని పరుగెత్తుట, గట్టిగా కేకవేయుట మన బాలికలకు నేర్పించుట. ఎవరైనను సాధనమును తామే కొనదలచినచో చట్టమును విచారించి, వాడుక నేర్చి, పిల్లల కందకుండ నుంచుకొనుడు. సంఘము మాత్రము పంచిపెట్టి, లేని ధైర్యమును వారి చేతికియ్యరాదు.

ఒక్కడు లాగిన వల బరువు. పదిమంది లాగిన వల తేలిక. మన స్త్రీల క్షేమముగూడ అట్టిదే. పోషకమహాశయులు ఈ మూడు కార్యములను తమవిగా స్వీకరింతురని ఆశించుచున్నాను.