ఫోనులో దొరికిన ఆసరా



2018 మే నెలలో ఐఐటీలకు చెందిన 20 మంది పూర్వ, ప్రస్తుత విద్యార్థులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్వలింగ సంబంధాన్ని నేరమన్న 1860 నాటి 377వ సెక్షన్‌ను కొట్టివేయమన్నారు. ఇంకా అది నేరంగా ఉన్న రోజుల్లోనే తమ పేర్లతో సంతకాలు చేశారు. వారంతా 'ప్రవృత్తి' అనే బృందం వారు. వేర్వేరు ఊళ్లలో ఒంటరిగా ఉన్నవారిని కలిపింది ఇంటర్నెట్టే. సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఇష్టపడి కలిసే పెద్దల సంబంధం నేరం కాదన్నారు.

చట్టం మారింది. మరి మన ఇళ్లు? మన సంఘాలు? బళ్లారిలోనో, బరంపురంలోనో చదివే మన బిడ్డ తన మనసు ముందుగా ముక్కూమొహం తెలియనివారికి ఎందుకు చెప్పుకోవాలి? పైగా ఆ ఫోనే బెదిరించేవాడి చేతిలోనూ ఉంది. ఒక్క స్క్రీన్‌షాట్ చాలు, చదువే ఆగిపోవడానికి.

గాయపడినవాణ్ణి చూసి పక్కగా దాటిపోయినవారి కథ మనకు తెలుసు. మనం వారిలా ఉండవద్దు. మిత్రుడు నోరు విప్పితే ముందు విందాం. అతని అనుమతి లేకుండా ఆ మాట ఎవరికీ చేరవేయవద్దు. గ్రూపులో ఎగతాళి మొదలైతే అక్కడే ఆపుదాం. ఈ మూడు పనులకు ఏ తీర్పూ అక్కరలేదు.