రెండు గదుల ఇంటికి కళ



ఇంటి అలంకారం అనగానే చాలామంది ఆడవాళ్లు నవ్వేస్తారు. "మాకెందుకమ్మా అవన్నీ? ఉన్నవి రెండు గదులు. పొద్దున లేస్తే కూలిపని. అలంకారాలు మేడల్లో ఉండేవాళ్లకి" అంటారు. కానీ అలా అన్న మనిషే తెల్లారకముందే లేస్తుంది. వాకిలి ఊడుస్తుంది. కళ్లాపి చల్లుతుంది. చుక్కలు పెట్టి, చుక్క చుక్కనీ కలిపి ముగ్గు వేస్తుంది. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. పండగ వస్తే గుమ్మానికి మామిడాకుల తోరణం కడుతుంది. ఇది అలంకారం కాదా? ఏ బడిలో నేర్చుకుంది ఆమె?

అయితే ఒక చిత్రం ఉంది. ఈ కళంతా వాకిట్లోనే ఆగిపోతుంది. గడప దాటి లోపలికి వెళితే చీకటి. గోడలకు మసి. కిటికీకి అడ్డంగా బియ్యం డబ్బా. దాని మీద ట్రంకుపెట్టె. దాని మీద పరుపుచుట్ట. ఒకే మేకుకు నాలుగేళ్ల క్యాలెండర్లు. వాటి వెనకాల బల్లి కాపురం! వాకిలి చూసేది వీధిన పోయేవాళ్లు. గదిలో ఉండేది ఎవరు? ఆ ఇల్లాలు, ఆమె పిల్లలు. ఈ మాటలన్నీ ఆ లోపలి గది గురించే.

గదికి మొదటి నగ వెలుగు. కిటికీకి అడ్డం ఉన్న డబ్బా, పెట్టె తీసి పక్క గోడకు జరపాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కిటికీకి ఎదురు గోడ మీద అద్దం తగిలిస్తే ఆ వెలుగు గదిలోకి మళ్లీ పడుతుంది. బొట్టు పెట్టుకునే చిన్న అద్దమైనా సరే.

తర్వాత గోడలు. చీకటి గదికి సున్నాన్ని మించిన రంగు లేదు. ముందు చీపురుతో మసి, బూజు దులపాలి. తడిపిన సున్నాన్ని గుడ్డలో వడగట్టాలి. గోడను ముట్టుకుంటే చేతికి అంటకుండా కాస్త జిగురు కలుపుతారు. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. ఒక పూత ఆరాక రెండో పూత వెయ్యాలి. గోడ అడుగున జానెడు మేర ఎర్రమట్టితో పట్టీ తీస్తే అందానికి అందం, మరకలు కనపడవు. తెలంగాణ ఊళ్లలో గడపలకు, అరుగులకు జాజు పూస్తారు. ఆ ఎరుపు మీద తెల్ల ముగ్గు గీత ఎంత బాగుంటుందో చూసినవాళ్లకు తెలుసు.

సున్నంతో ఒక జాగ్రత్త. పచ్చి సున్నం మీద నీళ్లు పోస్తే సలసల కాగుతుంది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పడితే నలపకూడదు. వెంటనే మంచినీళ్ల ధారతో చాలాసేపు కడగాలి. ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇక పువ్వులు. ఆడవాళ్లకు పువ్వులు పేర్చడం ఎవరైనా నేర్పాలా? బతుకమ్మను చూడండి. పళ్లెంలోనో సిబ్బిలోనో ఆకులు పరుస్తారు. అడుగున పెద్ద వరస. పైకి పోయేకొద్దీ చిన్న వరస. పసుపుపచ్చని తంగేడు పక్కన తెల్లని గునుగు. గునుగు కొసలకు కొందరు రంగు అద్దుతారు. మధ్యలో బంతి, చామంతి. చివరన పసుపు గౌరమ్మ. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఈ పండగను రాష్ట్ర పండగ చేసింది. పట్నాల్లో పువ్వులు అమర్చడం నేర్పడానికి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు. వాళ్లు చెప్పేది ఏమిటి? ముదురు రంగు పక్కన లేత రంగు పెట్టాలి, బరువు కింద ఉండాలి, కొన పైకి లేవాలి. చేలగట్టున తంగేడు కోసుకొచ్చే అక్కకు ఇది ముందే తెలుసు! సంక్రాంతికి గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు పెట్టే పిల్లకూ తెలుసు.

ఆ తెలివే గదిలోకి తీసుకురావాలి. కళాయి పోయిన ఇత్తడి చెంబు, మూతి విరిగిన మట్టి కుండ, ఖాళీ సీసా, ఏదైనా పూలపాత్రే. పువ్వులు పొద్దున్నే కొయ్యాలి. కాడను ఏటవాలుగా కొయ్యాలి. నీళ్లలో మునిగే ఆకులు తీసెయ్యాలి. లేకపోతే అవి కుళ్లి వాసన వస్తుంది. ఎండ తగలని చోట పెడితే పువ్వు ఎక్కువసేపు వాడదు. ఎక్కువ పువ్వులు అక్కర్లేదు. రెండు బంతి కొమ్మలు, నాలుగు వేపరెమ్మలు చాలు.

ఇక్కడే అసలు మాట ఉంది. ఆ చెంబులో నీళ్లు ఎన్నాళ్లు ఉంటున్నాయి? నిలవ నీళ్లలో దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ జ్వరం తెచ్చే దోమకు మురుగ్గుంట అక్కర్లేదు. చెంబెడు మంచినీళ్లు చాలు. గుడ్డు పురుగై, పురుగు దోమై ఎగరడానికి ఇంచుమించు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకని వారం తిరగకుండానే నీళ్లు పారబొయ్యాలి. పారబోస్తే సరిపోదు. ఆ దోమ గుడ్లు గిన్నె గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే లేస్తాయి. కాబట్టి లోపల పీచుతో తోమి కడగాలి. సీసాలో పెంచే మనీప్లాంటుకూ ఇదే లెక్క. దాని ఆకు వాడదు గనక నీళ్లు మార్చడం ఎవరికీ గుర్తుండదు. పూల మొక్క కింద పెట్టే పళ్లెం కూడా అంతే. వారంలో రెండు రోజులు నీళ్లు మారిస్తే ఇంకా మంచిది. ఆ రోజుల పేర్లు సుద్దముక్కతో గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. రాయడం వచ్చిందిగా!

ఇంకొకటి. గన్నేరు పువ్వు చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆకు, కాడ, పువ్వు, గింజ అన్నీ విషమే. నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో, వాళ్లకందే ఎత్తులో దాన్ని పెట్టకూడదు.

ప్లాస్టిక్ పూల సంగతి? వాడవు, నిజమే. దుమ్ము పడతాయి. కొన్నాళ్లకు రంగు వెలుస్తాయి. ఉన్నవాళ్లు కడిగి పెట్టుకుంటే తప్పు లేదు. లేనివాళ్లు కొనాలని ఆరాటపడక్కర్లేదు.

గోడ మీద ఏం పెట్టాలి? పిల్లలు గీసిన బొమ్మను అట్టముక్కకు అతికించి తగిలించవచ్చు. అది చూసి ఆ పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో! క్యాలెండరు ఈ ఏటిది ఒక్కటి చాలు. దేవుడి పటం ముందు దీపం పెట్టేవాళ్లు కర్టెను, కాగితపు దండ దీపానికి తగలకుండా చూసుకోవాలి. పండగకు రంగు బల్బుల తీగ వేసేటప్పుడు పైతోలు పోయిన తీగ వాడకూడదు.

ఎప్పుడైనా నాలుగు రూపాయలు మిగిలి ఒక వస్తువు కొనాలనుకుంటే, మన చేతిపనివాళ్లు చేసింది చూడండి. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఆ కర్ర చాలా తేలిక. చెయ్యి, కాలు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. తర్వాత రంగులు వేస్తారు. తాటిచెట్టెక్కే మనిషి, దంచే ఆడమనిషి, ఎద్దుల బండి, అన్నీ మన ఊరి మనుషులే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను తిప్పుతూ చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. గింజల నుంచి, వేళ్ల నుంచి తీసిన రంగులు వాడే బొమ్మలు అక్కడ దొరుకుతాయి. ఆ రంగుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే నిలబడ్డాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు గీస్తారు. ఒకప్పుడు కథలు చెప్పేవాళ్లు ఆ పొడుగాటి పటాలు విప్పి ఊరూరా చూపించేవాళ్లు. ఇప్పుడు గోడకు తగిలించే చిన్నవి కూడా చేస్తున్నారు. ఒక్క బొమ్మ ఉన్నా గూటిలో పెడితే గదికి నిండుదనం వస్తుంది. పది బొమ్మలు కుక్కితే ఏదీ కనపడదు.

కొనేటప్పుడు లెక్క చూసుకోవాలి. వాయిదాల మీద సామాను అమ్మేవాళ్లు ఇళ్ల ముందుకే వస్తారు. "అద్దాల బీరువా అక్కా, వారానికి 50 రూపాయలే, 20 వారాలు" అంటారు. వినడానికి 50 చిన్నదే. గుణించి చూడండి. 50 ఇంటూ 20 అంటే 1000. అదే బీరువా బజారులో 700కు దొరుకుతుందనుకుందాం. అంటే 300 రూపాయలు వాయిదా పేరు మీద పోతున్నాయి. నెలకు 100 చొప్పున డబ్బాలో వేసుకుంటే 7 నెలలకు ఆ బీరువా అప్పు లేకుండా వస్తుంది. అప్పటికి అది అవసరమో కాదో కూడా తేలిపోతుంది! వాయిదాకే కొనాలనుకుంటే కాగితం అంతా చదవాలి. ఎన్ని వాయిదాలు, మొత్తం ఎంత, ఒక వారం తప్పితే ఎంత అదనం, అన్నీ అందులో ఉండాలి. ఖాళీ గళ్లున్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. కట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. "మీకు తెలీదులే అక్కా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అనేవాడికి ఇక ఆ మాట అనే వీలు లేదు.

చివరగా, గదిలో ఒక మూల. పొలం పనిముట్లకు చోటుంది. ఆయన చొక్కాకు మేకుంది. పిల్లల సంచులకు కొక్కెం ఉంది. ఇల్లాలి పుస్తకానికి, పలకకు, కళ్లజోడుకు ఎక్కడుంది చోటు? చాలా ఇళ్లల్లో పుస్తకం బియ్యం డబ్బా మీదో, దిండు కిందో ఉంటుంది. ఎలక కొరుకుతుంది, లేదా పొయ్యిలోకి పోతుంది. కిటికీ పక్కన గోడలో గూడు ఉంటే అదే తీసుకోవచ్చు. లేకపోతే రెండు మేకులు కొట్టి చెక్క ముక్క వేయించుకోవచ్చు. దాని కింద అంచుకు పాత చీర జరీ కుట్టి వేలాడదీస్తే బాగుంటుంది. పక్కన పూల చెంబు. వెలుతురు పుస్తకం మీద పడాలి. ఆ పలక ఎవరిదని ఇంట్లో ఎవరైనా అడిగితే పేరు చెప్పాలి.

రేపు సాయంత్రం కేంద్రానికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక పాత చీర ముక్క, సూది, దారం తెచ్చుకోండి. కిటికీ వెడల్పు జానలతో కొలిచి, ఆ అంకె పలక మీద రాసుకుని రండి. కర్టెనుకు గుడ్డ కొలత దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ లెక్క అక్కడ వేద్దాం.