పది ఇండ్లు కలిసిన కోడి బ్రతుకును

(జహీరాబాదులో రైతుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



నేను కళాశాలలో పైర్ల సాగును బోధించువాడను. కోళ్లను గూర్చి మాట్లాడుటకు ఇతడెందుకు వచ్చెనని కొందరికి అనుమానము కలుగవచ్చును. కాని మెట్టసేద్యమును చూచినవారికి కోడి ఆ సేద్యములో భాగమేనని తెలియును. జొన్న, సజ్జ, కొర్ర, కంది పండించు ఇంటి కల్లములో రాలిన గింజను, పెంటకుప్పలోని పురుగును, గట్టుమీది చెదను కోడి ఏరుకొని గ్రుడ్డుగాను, మాంసముగాను మార్చును. దాని పెంట మడికి ఎరువగును. వర్షము లేక కంది కాయకపోయిన సంవత్సరమున బడి ఖర్చుకో, మందుల ఖర్చుకో ఇల్లాలి చేతికి రొక్కము వచ్చునది పెరటి కోళ్ల వలననే. ఆమె ఎవరినీ అడుగ నక్కరలేని రొక్కమది. కావున కోళ్లు చచ్చిన ఇంట మొదట నష్టపోవునది ఆమెయే.

ఒక చిన్న లెక్క చూడుడు. ఒక ఇంటివారు ఇరువది పిల్లలను కొన్నారు. నెలన్నర తిరుగులోపల పన్నెండు చచ్చినవి. మిగిలినవి ఎనిమిది. అనగా బ్రతికిన ప్రతి పిల్లకు రెండున్నర పిల్లల వెల ఇచ్చినట్లయినది. చచ్చిన వాటికి పెట్టిన మేత, పడిన శ్రమ వేరు. అదే ఇంటివారు పదునైదు పిల్లలనే కొని, మిగిలిన పైకమును వెచ్చదనమునకు, టీకాకు ఖర్చు పెట్టియుండిన పదమూడైనను నిలిచెడివి. పెరటి కోళ్లలో లాభము కొనుటలో లేదు, బ్రతికించుటలో ఉన్నది. నేడు నేను చెప్పదలచినది ఇంతే. ఇక ఎట్లు బ్రతికింపవలెనో వరుసగా చెప్పెదను.

ఏ జాతి పిల్లలు కొనవలెను?

మన నాటుకోడి గట్టిది. పిల్లిని, గద్దను చూచి తప్పించుకొనును, పొదిగి పిల్లలను పెంచును. అయితే సంవత్సరమునకు అరువది గ్రుడ్లు దాటి పెట్టుట అరుదు. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకమునకని వనరాజ, గ్రామప్రియ అను రకములను తయారు చేసినారు. వనరాజ మాంసమునకును, గ్రుడ్లకును పనికివచ్చును. పెరటిలో సంవత్సరమునకు నూరు, నూటపది గ్రుడ్ల వరకు పెట్టును. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్ల రకము. మంచి పోషణలో నూటఅరువది నుండి నూటఎనుబది వరకు పెట్టగలదు. రెండింటికిని రంగు ఈకలుండుటచే తెల్లకోళ్లవలె దూరమునుండి గద్ద కంటబడవు.

అయితే ఈ రకములు సాధారణముగా పొదుగుటకు కూర్చుండవు. కావున నాటుపెట్టలను పూర్తిగా అమ్మివేయరాదు. రెండు మూడు నాటుపెట్టలను ఉంచుకొన్నచో ఒక్కొక్క దానిక్రింద పన్నెండు నుండి పదునైదు గ్రుడ్లు పెట్టి, ఇరువదియొక్క దినములలో పిల్లలను పొందవచ్చును.

పిల్లలను నమ్మదగిన కేంద్రమునుండియే కొనుడు. కన్నులు చురుకుగా ఉండి, బొడ్డు ఎండి, కాళ్లమీద గట్టిగా నిలుచు పిల్లనే ఏరుకొనుడు. పుట్టిన దినముననే మారెక్స్ టీకా వేసినారా అని తప్పక అడుగుడు. సైకిలుమీద తిరిగి అమ్మువారివద్ద రంగులు పూసిన పిల్లలను చవకయని కొనరాదు. అవి చాలవరకు గ్రుడ్లకోళ్ల కర్మాగారములు వద్దని విడిచిన పుంజుపిల్లలు. అవి గ్రుడ్లు పెట్టవు, వాటికి టీకాలు పడినవో లేదో తెలియదు.

మొదటి ఆరు వారములు

నారుమడిని కాపాడనివాడు పైరును కాపాడలేడు. కోడికి మొదటి ఆరు వారములు నారుమడి వంటివి. నాటుపెట్ట తన రెక్కలక్రింద పిల్లలకు వెచ్చదనమిచ్చును. కొన్న పిల్లలకు తల్లి లేదు గనుక ఆ వెచ్చదనము మనమే ఈయవలెను. రాష్ట్రములో చలికాలపు ఉష్ణోగ్రత మిక్కిలి తగ్గు చోట్లలో మన కోహీరు ఒకటి. కావున మార్గశిర, పుష్య మాసములలో పిల్లలను తెచ్చువారు ఈ విషయమున రెండింతలు జాగ్రత్త పడవలెను.

గాలి జల్లు తగులని మూలను ఎంచుకొని, రెండు మూడు అంగుళముల మందమున వరి ఊకను గాని, వేరుసెనగ పొట్టును గాని పరచుడు. మొదటి రెండు మూడు దినములు దానిపై కాగితము వేయవలెను. లేనిచో పిల్లలు మేతయనుకొని ఊకను తినును. చుట్టును ఒకటిన్నర అడుగుల ఎత్తు అట్టను గాని, రేకును గాని గుండ్రముగా కట్టుడు. మూలలుండిన పిల్లలు అక్కడ గుమిగూడి ఒకదానిక్రింద ఒకటి నలిగి చచ్చును.

పిల్ల ఒక్కింటికి రెండు వాట్ల చొప్పున, ఏబది పిల్లలకు నూరు వాట్ల బల్బు కావలెను. ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఇప్పుడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. బల్బు వెలుతురునిచ్చును గాని వేడినీయదు. దానిని వ్రేలాడదీసి పిల్లలు వెచ్చగా ఉన్నవని భ్రమపడరాదు. లోపల తీగ కాగు పాతరకము బల్బునే వాడవలెను. కరెంటు పోవు పల్లెలలో బొగ్గుల కుంపటి సిద్ధముగా ఉంచుకొనుడు. అయితే పొగ పోవుటకు దారి ఉండవలెను.

మొదటి వారము ముప్పదియైదు డిగ్రీల వేడి అవసరము. తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకొని పోవచ్చును. వేడిని కొలుచు పరికరము లేదని చింతింపనక్కరలేదు. పిల్లలే చెప్పును. దీపముక్రింద గుంపుకూడి అరచుచున్న చలి వేయుచున్నదన్నమాట. దూరముగా పోయి నోరు తెరచుకొనియున్న వేడి ఎక్కువైనదన్నమాట. అంతటను సమముగా పరుచుకొని మేయుచున్న సరిపోయినదన్నమాట. రాత్రి పదుకొండు గంటలకు ఒకమారు, తెల్లవారుజామున ఒకమారు లేచి చూచినవారి పిల్లలు నిలుచును.

పిల్లలు రాగానే మొదట బెల్లము కలిపిన నీరు, తరువాత మొక్కజొన్న నూకగాని, జొన్న నూకగాని ఇచ్చి, మరునాటినుండి పిల్లల దాణాకు మారవలెను. ఊక తడిసిన చోట దినదినము ఎత్తివేసి పొడి ఊక వేయుడు. తడి ఊకలోనే రక్తపారుడు పుట్టును. మూడవ వారము మొదలు రెట్టలో నెత్తురు కనబడిన వెంటనే పశువైద్యుని కలసి మందు తేవలెను. దినమెల్ల ఆలస్యము చేసిన మందయితే కని మందుకు పిల్ల ఉండదు.

పెరటిలోనికి విడిచిన తరువాత

ఆరు వారములు దాటిన కోళ్లను పగలు విడువవచ్చును. అవి చాలవరకు తమ మేతను తామే వెదకుకొనును. సాయంకాలము గూటికి పిలిచి, కోడికి ముప్పది నుండి ఏబది గ్రాముల జొన్నలు, సజ్జలు, నూకలు, తవుడు, కంది చున్ని కలిపి పెట్టిన చాలును. ఈ పిడికెడు గింజ వలన అవి వేళకు ఇల్లు చేరుట అలవాటగును. గ్రుడ్లు పెట్టు కోళ్లకు సున్నపురాతి గుండనుగాని, నత్తగుల్లల పొడినిగాని వేరుగా ఒక చిప్పలో ఉంచుడు. పాతకుండలో పేడ, తడి గోనెపట్ట కూరి, చెదలున్నచోట బోర్లించిన ఒకటి రెండు దినములలో చెద పట్టును. ఆ చెద కోళ్లకు మాంసాహారము.

రెండు విషయములలో పైర్ల శాస్త్రము చెప్పువాడనుగా మిమ్ము హెచ్చరింపవలెను. విత్తనశుద్ధి చేసిన జొన్నలు, కందులు మిగిలిన, వాటిని పెరటిలో పారబోయరాదు. విత్తనమునకు పట్టించిన మందు కోడికి విషము. లోతుగా గోయి తీసి పూడ్చుడు. రెండవది, వర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న, వేరుసెనగలను మనుష్యులకు పనికిరావని కోళ్లకు వేయరాదు. ఆ బూజులోని విషము కోడి కాలేయమును చెరచును.

కొక్కెర రోగము

ఊరిలోని కోళ్లను ఒక్క వారములో ఊడ్చిపెట్టు రోగము కొక్కెర. కోడి ముడుచుకొని కూర్చుండును, పచ్చగా, తెల్లగా పారును, నోరు తెరచి గురగుర ఊపిరి పీల్చును, మెడ వంకర తిరుగును, కాలు రెక్క పడిపోవును. 1920ల చివర మన దేశమున కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో దీనిని గుర్తించుటచే శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరు పెట్టినారు. దీనికి మందు లేదు, టీకా కలదు. 1940లలో ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధనశాలలో తయారైన ఆర్.టు.బి. టీకా నేటికిని మన కోళ్లను కాపాడుచున్నది.

టీకాల క్రమము ఇది. అయిదు నుండి ఏడవ దినములోపల లసోటా టీకా ఒక చుక్క కంటిలో వేయవలెను. పదునాలుగవ దినమున గంబోరో టీకా. నాలుగవ వారమున మరల లసోటా. ఆరవ వారమున మశూచి టీకా. తొమ్మిదవ వారమున ఆర్.టు.బి. అరమిల్లీలీటరు చర్మముక్రింద. తరువాత ఆరు నెలలకొకమారు కొక్కెర టీకా వేయించుచుండవలెను. పెద్దకోళ్లకు వేయు ఆర్.టు.బి. టీకాను చిన్న పిల్లలకు వేయరాదు.

ఇంత తెలిసియు టీకా ఎందుకు వేయించరు? నిర్లక్ష్యమొక్కటే కారణము కాదు. ఒక బుడ్డిలో నూరు కోళ్లకో, అంతకు పైబడినవానికో సరిపడు టీకా ఉండును. కలిపిన తరువాత రెండు గంటలలోపల వాడవలెను. పిదప అది పనికిరాదు. పది కోళ్లున్న ఇల్లాలు ఒక్కతె బుడ్డి తెచ్చిన తొంబది మోతాదులు మట్టిపాలు. అందుచే ఆమె తేదు. పొరుగింటామెయు తేదు. కొక్కెర మాత్రము ఇద్దరి ఇంటికిని వచ్చును.

దీనికి మార్గము మీ చేతిలోనే ఉన్నది. ఇంటికి పది కోళ్ల చొప్పున పది ఇండ్లు కలిసిన నూరు కోళ్లగును. ఒక బుడ్డి సరిపోవును. ఈ ప్రాంతపు స్త్రీలకు కలిసి పనిచేయుట కొత్త కాదు. 1983లో పస్తాపూరు కేంద్రముగా ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో వారు విత్తనములను దాచుకొని, ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనుచున్నారు. విత్తనమును కలిసి కాపాడిన చేతులకు కోడిని కలిసి కాపాడుట కష్టము కాదు. సంక్రాంతి పోయిన పిమ్మట ఒక దినము, బోనాలు పోయిన పిమ్మట ఒక దినము నిర్ణయించుకొన్న ఆరు నెలల లెక్క తానే సరిపోవును. ఆ దినమున తెల్లవారుజామున కోళ్లను గూళ్లనుండి విడువకముందే టీకా వేయవలెను. అప్పుడు చల్లగా ఉండును, వెంటపడి పట్టుకొను శ్రమయు తప్పును. బుడ్డిని మంచుగడ్డలున్న ఫ్లాస్కులో తేవలెను. ఎండ తగిలిన టీకా నీటితో సమానము.

"టీకా వేసిన తరువాతనే మా కోళ్లు చచ్చినవి" అని కొందరందురు. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. రోగము ఊరిలో ప్రవేశించిన తరువాత టీకా వేసిన, దాని శక్తి పుట్టుటకు వారము పది దినములు పట్టును. ఈలోపల రోగము తన పని తాను చేయును. ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వినట్లే. కావున కోళ్లు ఆరోగ్యముగా ఉన్నప్పుడే వేయింపవలెను. వారము ముందు నట్టల మందు త్రాగించిన మరింత మేలు.

చచ్చిన కోడిని చెరువులో, పెంటకుప్పపై పారవేయరాదు. సున్నము చల్లి లోతుగా పూడ్చుడు. రోగపు కోడిని సంతకు తీసికొనిపోయి అమ్ముట పొరుగూరికి రోగమును పంపుట. సంతనుండి తెచ్చిన క్రొత్త కోడిని రెండు మూడు వారములు వేరుగా కట్టి ఉంచుడు. ఒక్కమారుగా పెక్కు కోళ్లు చచ్చిన, చేతితో ముట్టక పశువైద్యశాలకు కబురు చేయుడు. 2006లో మహారాష్ట్రలోని నవాపూరులోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కనబడిన బర్డ్ ఫ్లూ మనుష్యులకును సోకగలదు.

గూటిలోని శత్రువులు

కోడి పేలు ఈకల మొదళ్లలో, ముడ్డి చుట్టును ఉండును. రెండడుగుల వెడల్పు, ఆరంగుళముల లోతు గోయి తీసి, ఎఱ్ఱమట్టి, కట్టెల బూడిద, ఎండిన వేపాకు పొడి కలిపి నింపుడు. కోడి తానే అందులో పొర్లి పేలను చాలవరకు వదిలించుకొనును. ఎక్కువైన పశువైద్యుడిచ్చిన మందును అతడు చెప్పిన పాళ్లలో వాడి, పది పండ్రెండు దినములకు మరల వాడవలెను. మొదటిమారు మందుకు పేను చచ్చును గాని ఈపి చావదు.

గోమారి ఇంకను మోసకారి. కంది గింజంత ఉండి, పగలు రాతిగోడ సందులలో, గూటి చెక్కల పగుళ్లలో దాగి, రాత్రి వచ్చి నెత్తురు పీల్చును. పగలు కోడిని ఎంత వెదకినను పెద్ద గోమారి కనబడదు. కోడి తురాయి మాత్రము తెల్లబడుచుండును. తిండి లేకున్నను అది నెలల తరబడి బ్రతుకగలదు. కావున కోడికి కాక గూటికి వైద్యము చేయవలెను. పగుళ్లను మట్టితో మెత్తి సున్నము కొట్టుడు. కోళ్లు కూర్చుండు కఱ్ఱ గోడకు తగులకుండ నిలిపి, దాని కాళ్లను వాడిన ఇంజను నూనె పోసిన డబ్బాలలో ఉంచుడు. కోడి కాళ్లపై పొలుసులు లేచి గరుకైన, సబ్బునీటిలో నానబెట్టి మెత్తని కుంచెతో రుద్ది, కొబ్బరినూనె దినము విడిచి దినము రాయుడు.

పూర్వపు కరపత్రములలో కోళ్లకు డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు చల్లుమని ఉండెడిది. డి.డి.టి.ని వ్యవసాయమున వాడుటను 1989లో నిషేధించినారు. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించినారు. పాతకాగితము చూచి వాటిని వెదకరాదు. పత్తికి, కందికి కొట్టగా మిగిలిన మందును కోడిపై చల్లుట అంతకంటె ప్రమాదము. కోడి చావకున్నను ఆ విషము గ్రుడ్డులోనికి వచ్చును. ఆ గ్రుడ్డును తినునది మన బిడ్డలే.

సోదరీమణులారా! మంచి జాతి రాజేంద్రనగరునుండి వచ్చును, టీకా పశువైద్యశాలనుండి వచ్చును. పది ఇండ్లను కలుపు మనిషి మాత్రము మీలోనుండియే రావలెను. నేడు ఇచ్చటనుండి పోవుటకు ముందు ఒక్కొక్క ఊరివారు ఒకచోట కూర్చుండి, మీ వాడలో ఏ పది ఇండ్లలో ఎన్నెన్ని కోళ్లున్నవో ఒక కాగితముపై వ్రాసుకొనుడు. ఆ కాగితమును మీ పశువైద్యునికిచ్చి తేదీ అడుగుడు. సెలవు.