పాత వీడియో క్యాసెట్లు - మనం కొనవలసిన పరికరాలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళు వీసీఆర్‌లు తెచ్చిన రోజుల్లో తీయించుకున్న నికాహ్‌లు, వలీమాల క్యాసెట్లు మన బీరువాల మీద దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. ఈనాటి నా మనవి వాటి గురించే.

మా ఆపా నికాహ్ 1988లో జరిగింది. మా అబ్బా గొంతు ఆ క్యాసెట్టులో తప్ప మరెక్కడా లేదు. దాన్ని ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నాను. సరిగ్గా అబ్బా దువా చేసేచోట టేపు నలిగి మాట తెగిపోయింది. రబ్బరు రోలరు అరిగిన వీసీఆర్‌లో వేశారట! కంప్యూటరు మంచిదేనా అని అడిగాను గాని, వీసీఆర్ ఎలాంటిదని అడగలేదు. తప్పు నాదీ ఉంది.

కాబట్టి డబ్బు ముందు వీసీఆర్ మీదనే పెట్టాలి. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. ఇక దొరికేవన్నీ వాడినవే. హెడ్డు, రోలరు, బెల్టు మెకానిక్‌కు చూపించి, పనికిరాని క్యాసెట్టు వేసి పరీక్షించి మరీ కొనాలి. ఎస్-వీహెచ్ఎస్ రకం దొరికితే మరీ మేలు. అందులో వెలుగును, రంగును వేరువేరుగా పంపే ఎస్-వీడియో సాకెట్టు ఉంటుంది.

రెండవది టైమ్ బేస్ కరెక్టర్. పాత టేపులో గీతలు అటూ ఇటూ ఊగుతాయి. వాటిని ఇది వరుసలో నిలబెడుతుంది. కొన్ని ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్‌లలో ఇది లోపలే ఉంటుంది.

మూడవది కంప్యూటరుకు కలిపే క్యాప్చర్ పరికరం. మన పాల్ పద్ధతి బొమ్మను 720, 576 చుక్కల కొలతలో, సెకనుకు 25 ఫ్రేములుగా ఉన్నదున్నట్లు తీసుకోవాలి. బొమ్మను అడ్డంగా సాగదీసే చవక కన్వర్టర్ల జోలికి పోవద్దు. అమెరికా నుంచి వచ్చినవి ఎన్‌టీఎస్‌సీ, సౌదీవి కొన్ని సెకామ్ కావచ్చు. వీసీఆర్, క్యాప్చర్ పరికరం రెండూ వాటినీ చదవగలవో లేదో ముందే చూసుకోవాలి. డీవీ పద్ధతిలో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది. రెండు హార్డ్‌డిస్కులు కొని వేరువేరు ఇళ్ళలో ఉంచాలి.

తెల్లని బూజు కనిపిస్తే ఆ క్యాసెట్టు వీసీఆర్‌లో వేయనే వద్దు. ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్టు వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను ముందే విరిచేయండి. కాపీ అయిందని అసలు క్యాసెట్టును పారేయకండి.

ఇంటికొక సెట్టు కొనడం దండగ. సంఘం తరఫున ఒక మంచి సెట్టు కొని, మన కుర్రాళ్ళిద్దరికి పని నేర్పిస్తే అన్ని కుటుంబాల క్యాసెట్లూ మన కళ్ళ ముందే ఎక్కుతాయి. కార్యవర్గం దీన్ని ఆలోచించాలని కోరుతున్నాను. మా అబ్బా దువా నాకిక దొరకదు. మీ పెద్దల గొంతులైనా నిలవాలి.