వరుస తప్పని వేగము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన దేశపు గ్రంథాలయశాస్త్ర పితామహులు రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును కాపాడుమనునది. ఆ ఉద్దేశముతోనే మన పుస్తకముల పట్టికను కంప్యూటరున కెక్కించితిమి. లెక్కలు వ్రాయువాడనని దానిని పరీక్షించు పని నాకప్పగించిరి. పది పుస్తకములు చేర్చి, కవుల పేర్లను అకారాదిగా చూపుమంటిని. చక్కగా చూపినది. సరియేనని సంతకము చేసితిని.

కొన్నాళ్ళకు ఒక విద్యార్థి వచ్చి, "జాబితాలో ఎఱ్ఱన పేరు లేదు. హరివంశము మన దగ్గర లేదా సారూ?" అని అడిగెను. బీరువా తెరచితిని. గ్రంథ మచ్చటనే యున్నది! నా ముఖము చిన్నబోయినది.

జరిగినదేమనగా, యంత్రము ఒకమారు ఇరువది పేర్లు మాత్రమే చూపును. అందరు కవులను వరుసపెట్టి, పిమ్మట మొదటి ఇరువదింటిని తీయవలెను. వేగము కొఱకు అది ముందుగా నమోదైన ఇరువదింటిని తీసి, వానిని మాత్రమే అకారాదిగా పేర్చినది. హరివంశము తరువాత చేరిన గ్రంథము. చూచువారికి ఆ జాబితా నిర్దోషముగా తోచును. మోసమంతయు నందే యున్నది. నేను చేర్చినవి పదియే గనుక లోపము బయటపడలేదు. పైగా వానిని ముందే వరుసగా నెక్కించితిని! యంత్రము పేర్చకున్నను పేర్చినట్లే కనబడెడివి.

దగ్గఱిదారి వెదకుట దోషము కాదు. 1979లో ఐ.బి.యం. పరిశోధకురాలు పెట్రీషియా సెలింగరు సహచరులతో కలిసి ప్రకటించిన పద్ధతిలో, ఒక్కొక్క దారికగు వ్యయమునే గాక, ఆ దారిన ఫలితము లే వరుసలో వచ్చునో కూడ యంత్రము గుర్తుంచుకొనును. సూచిక ద్వారా వచ్చినవి కోరిన వరుసలోనే యున్నచో మరల పేర్చు శ్రమ తప్పును.

ఇప్పుడు అరువది పుస్తకములను కలగాపులగముగా చేర్చి, ఒకే ప్రశ్నను సూచికతో నొకమారు, సూచికను ఆపి ప్రతి నమోదును చదివించి యొకమారు అడుగుచున్నాము. చిఠ్ఠాను ఆవర్జాతో సరిచూచినట్లు రెండు జాబితాలను పంక్తికి పంక్తి పోల్చుచున్నాము. ఒకే కవి గ్రంథములు రెండున్నచో ఏది ముందు వచ్చినను తప్పుగాదు గాని, పోలిక చెడును. అందుచే నమోదు సంఖ్యను రెండవ క్రమముగా చేర్చితిమి. అచ్చట 2 కంటె 10 ముందు వచ్చినచో, యంత్రము అంకెలను అక్షరములుగా చదువుచున్నదన్నమాట.

ఇంకొక చిక్కు. మనము పలకపై దిద్దిన వర్ణమాలలో ఱ చివరిది. యూనికోడు సంకేతములలో ర వెంటనే ఱ, తరువాత ల. యంత్రమునకు ఎఱ్ఱన ముందు. పలక ననుసరించినచో ఎలకూచి బాలసరస్వతి ముందు. రెండు దారులును ఒకే తప్పు చేసినచో వాని పోలిక ఆ తప్పును పట్టజాలదు. కావున కార్యవర్గము పలక వరుసనే నిర్ణయించినది. ఆ అరువది పేర్లను నా చేతితో వ్రాసి బల్లపై నుంచితిని. తప్పు కనబడినచో పెన్సిలుతో గుర్తు పెట్టుడు.